దిండు కింద మరువం

మేడమీద పాత బకెట్లలో మట్టి నింపుతూ మరదలు కూనిరాగం తీస్తుంటే, వదిన పైకి వచ్చింది.

"ఏం తోటే ఇది?"

"వాము జలుబుకి, పుదీనా కడుపునొప్పికి. మరువం మాత్రం మంత్రానికి, వదినా! దిండు కింద పెట్టుకుంటే మనసులో మనిషి నోరు విప్పుతాడట."

"ఎవరూ, ఆ నర్సరీ అతనేనా?"

"నీకెలా తెలుసు?"

"సగం బకెట్లు పుదీనాయే కదా! ఇంత పుదీనాకి సరిపడా కడుపునొప్పి మనింట్లో ఎవరికుందే?"

"ఏం చెయ్యను? 'నన్ను చేసుకుంటావా' అని అడగబోతే, నోట్లోంచి 'పుదీనా ఉందా' అనే వస్తోంది!"

"పొద్దున నేనే వెళ్ళి అడిగేశాను."

మరదలి చేతిలో మట్టి జారిపోయింది. "అమ్మో! ఏమన్నాడు?"

"ఈసారి పుదీనాకి వస్తే తనే అడుగుతాడట."

మాట పూర్తికాకుండానే మరదలు మెట్లు దిగి పరుగెత్తింది.

"చెప్పులైనా వేసుకోవే!"

"వచ్చాక వేసుకుంటా, వదినా!"