వీసా రాకముందే కృతజ్ఞత కూడిక

నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు కదిలింది. ఉప్పునీటి మీద పరిశోధనకు జర్మనీ వెళ్ళాల్సిన ఆ అమ్మాయికి కాలు నిలవడం లేదు. ఫోను తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది. పక్కనే తల్లి.

“ఆదివారం సాయంత్రం కృతజ్ఞత కూడిక పెట్టానే. పాస్టరు గారు చర్చిలో చెప్పేశారు కూడా.”

“దేనికమ్మా కృతజ్ఞత?”

“అదేంటే, నీకు వీసా వచ్చినందుకు!”

“వచ్చిందని ఎవరు చెప్పారు?”

“సెలెక్టయ్యానని మొన్న ఇల్లంతా గెంతావుగా!”

“అది యూనివర్సిటీలో సీటమ్మా! వీసా వేరు, ఇంకా రాలేదు. ఈ వారంలో రాకపోతే ఆ సీటు కూడా పోద్ది.”

“అయ్యో ప్రభువా! ఊరందరికీ బిర్యానీ చెప్పేశానే!”

“వద్దని చెప్పెయ్.”

“పిలిచినోళ్ళని రావద్దంటామా? ప్రార్థన కూడికని చెప్తాలే. బిర్యానీ అదే, పాటలే మారతాయి.”

అమ్మాయి నవ్వింది, ఆ వెంటనే మళ్ళీ ఫోను తెరిచింది.

“అప్పటికీ రాకపోతే? అందరి ముందూ ఎలా నిలబడనమ్మా?”

“ఊరికే నిలబడ్డమెందుకు? గరిటె పట్టుకుని వడ్డించు. తినేవాళ్ళు నీ మొహం చూడరే, ముక్క చూసుకుంటారు.”