పీట దిగను

అమీర్‌పేటలో ఒక ఫ్లాట్. ఉదయం ఏడు గంటలు. దేవుడి గదిలో, రోజూ సురేందర్ కూర్చునే పూజపీట మీద అతని తొమ్మిదేళ్ల కూతురు మానస కూర్చుని ఉంది. వంటింట్లో అతని తల్లి మంగవ్వ.

“లే మానసా. దీపం పెట్టాలె.”

“లెవ్వ.”

“లే బేటా. ఎనిమిదింటికి మైత్రీవనం కోచింగ్ సెంటర్ల క్లాస్ చెప్పాలె. కొత్త బ్యాచ్.”

“అయితే పో.”

“పూజ చెయ్యకుంట ఎట్ల పోత?”

“చెయ్యి. నేను ఈడనే ఉంట.”

“పీట మీద నువ్వు కూసుంటే నేనేడ కూసోవాలె? అమ్మా! జర చెప్పు దీనికి.”

“నాకు పోపు మాడుతుంది కొడుకా. మీరు మీరు చూసుకోన్రి.”

“దేవుని ముంగట గిదేం మొండితనమే?”

“దేవుని ముంగటైతేనే నువ్వు ఫోన్ ముట్టవు. అందుకే ఈడ కూసున్న.”

“బయట నీతోని మాట్లాడుతలేనా?”

“మాట్లాడుతవ్. నా దిక్కు చూడవు.”

“మస్తు పనుంటది బేటా. అంతా ఎవరి కోసం? నీ కోసమే కదా.”

“నా కోసమైతే నా దిక్కు చూడు. దేవుడు నిన్ను అడుగుతడా? అడుగకున్నా అర్ధగంట చూస్తవ్. నేను అడిగినా చూడవు.”

“అమ్మా, వింటున్నవా? దేవునితోని పోటీ అట!”

“వింటున్న, వింటున్న. తప్పేమన్నదిరా? దేవునికి మస్తు ఇండ్లున్నయ్. దానికి నాయన నువ్వొక్కనివే.”

“నువ్వు సుత దాని దిక్కే! సరే, తప్పైంది. ఇగ లే.”

“సోమవారం సంది నేను ఏం చెప్తున్ననో చెప్పు. చెప్తే లేస్త.”

“సోమవారం... డ్రాయింగ్ గురించి.”

“కాదు.”

“పిక్నిక్కా?”

“కాదు. పంజాగుట్ట సిగ్నల్ కాడ బండి మీద చెప్పిన. అన్నం తినేటప్పుడు చెప్పిన. నిన్న సుత చెప్పిన.”

“ఆ, ఆ, యాదికొచ్చింది. స్కూల్ డే డ్యాన్స్!”

“ఉత్తగనే ఏదో ఒకటి చెప్పకు డాడీ!”

“మరి అమ్మకన్న చెప్పకపోయినవా?”

“అమ్మ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను పండుకుంట. నేను లేసేసరికి అమ్మ పండుకుంటది. నీకే చెప్పిన.”

“సురేందరూ, నీ ఫోన్ మోగుతుందిరా.”

“మోగనియ్యమ్మా.”

“మల్ల మోగుతుంది. కోచింగ్ సెంటరోళ్లేమో.”

“బంద్ చెయ్యి.”

“బంద్ చేసుడు నాకు రాదు. బియ్యం డబ్బాల పెట్టి మూత పెడ్త.”

“పెట్టు. ఇగో మానసా, నేను కింద కూసున్న. నువ్వు పీట మీదనే ఉండు. చెప్పు.”

“గడియారం దిక్కు చూసినవ్.”

“లేదు, లేదు. నిన్నే చూస్తున్న. నాలుగోసారి చెప్పు తల్లీ. అప్పుడు నేనేమన్ననో అది సుత చెప్పు.”

“ఫస్ట్ బెంచీల కూసున్నా బోర్డు మీద అక్షరాలు కనబడ్తలేవు డాడీ, అని చెప్పిన. మూడుసార్లూ నువ్వు ‘మస్తు బేటా, గట్లనే చదువు’ అన్నవ్.”