మనోళ్ళ మీటింగు

హలో… ఆ, నేనే. రత్నాబాయినే. దుకాణం సేట్ కేకేస్తే ఉరికొచ్చిన, చేతులకింకా పిండే ఉన్నది. ఎవరు?

…నువ్వా! ఇప్పుడు ఫోనేందయ్యా? ఈ యాళ్లకు నువ్వు మీటింగుల గూసోవాలె గద!

…అయిపోయిందా? తాగుడు మానిపిచ్చే మీటింగు ఇంత జల్ది అయిపోతదా? నా కాడ నాటకాలాడకు.

…ఆగు, ఆగు. యాడ గూసున్నవ్? దవాఖాన సిస్టర్ ఏం జెప్పింది? నాగ్‌పాడా దాటినంక చర్చి, చర్చి ఎనుక బడి, బడి మీది అంతస్తుల మీటింగు. చిన్నపోరనికి ఎక్కాలు నేర్పినట్టు నేర్పి తోలిన గద!

…తొవ్వల ముత్తయ్య కలిసిండా? కలిస్తే?

…నువ్వు "మీటింగుకు పోతున్న" అన్నవ్. ఆయన "నేను గూడ గాడికే, నడువు" అన్నడు. నువ్వు ఎంట నడిసినవ్. ఓరి నీ తెలివి తెల్లారా! మన గల్లీల మీటింగంటే ఒక్కటే మీటింగయ్యా, కుల సంగం మీటింగు! పోచమ్మ పండుగకు ఎన్ని కుండల కల్లు, ఎన్ని సీసల దారు తేవాలె అని గూసున్నరు వాళ్లు!

…నీకు అనుమానం రాలేదా?

…ఏందీ? మళ్ళ జెప్పు.

…"అన్నీ తాగేటోళ్ల మొకాలే కనబడ్డయి, సరైన జాగకే వచ్చిన అనుకున్న" — నవ్వాల్నా, ఏడ్వాల్నా నేను!

…ఆడ ఏం జేసినవ్ మరి? చాయ్ తాగి లేసొచ్చినవా?

…లేసి నిలబడ్డవా! సిస్టర్ నేర్పిన మాట చెప్పినవా? మొగని పేరు పలుకొద్దంటరు గని పలుకుత — "నా పేరు బక్కయ్య, నేను తాగుబోతుని" అని? కులపోళ్లందరి ముంగట?

…అయ్యో పోచమ్మ తల్లీ.

…ఎవరు నవ్విండ్రు? ముత్తయ్యనా! మొన్న మోరీల పడితే నువ్వే గద భుజానేసుకోని తెచ్చినవ్, వానికి నవ్వెట్లొచ్చింది? …పెంటయ్య ఏమన్నడు? …"సంగం పరువు తీసిండు, బయటికి నూకుండ్రి" అన్నడా! థూ! ఏం పరువయ్యా వాళ్లది? పీనుగు లేవాలంటే సీస. పెండ్లి మాట్లాడాలంటే సీస. తగువు తీర్పాలంటే ఇటోళ్లకొకటి, అటోళ్లకొకటి. గురిగింజ తన కింది నలుపెరుగదంట. మందిల ఒక్కడు నిజం జెప్తే…

…గప్ కూసో, నిన్నేం మెచ్చుకుంటలేను. నీ మీద కోపం అట్లనే ఉన్నది.

— ఏక్ మినిట్ సేట్. ఘర్ కా మామ్లా హై. —

…ఇప్పుడు యాడికెళ్లి మాట్లాడుతున్నవ్? …ఇరానీ హోటల్ కాడికెళ్లి. దాని పక్కపొంటి ఏమున్నదో నాకెర్క లేదనుకున్నవా? దారు గుత్తా, తాగేటోళ్ల అడ్డా ఉన్నది. అందుకే ఆగినవ్ ఆడ.

…నాలిక గుంజుతున్నదా? గుంజనీ. దవాఖానల నువ్వు నెత్తురు కక్కిననాడు నేను గూడ ఒక్కదాన్నే ఉన్న. నేనెవరికి ఫోన్ జేసిన?

…"రేపు పోత" అనకు. నీ రేపులు పెండ్లైన కాడికెళ్లి ఇంటున్న. ఇనుకో, సామాను మూటగట్టి మన ఖోలీ దర్వాజ కాడ పెట్టిన. ఇయ్యాల నువ్వు ఆ బడి మెట్లెక్కకపోతే, బిడ్డను తీస్కోని ధారావికి మా అన్న ఇంటికి పోత. మళ్ళ రాను. నువ్వు బెదిరింపు అనుకుంటవేమో, అనుకో.

…ఒక్కనివే పోనీకి సిగ్గైతున్నదా? కులమంత ముంగట చెప్పినోనికి ఎర్కలేనోళ్ల ముంగట సిగ్గేందయ్యా?

…ఎవరు దగ్గుతున్నరు నీ పక్కన? …లే, ఎవరో ఉన్నరు. నాకు చెవుడు లేదు.

…భూమయ్య మామనా? సంగం పెద్ద? నిన్ను నూకుతుంటె చూసింది చాల్లేదని బజారుల గూడ ఇజ్జత్ తీయనీకొచ్చిండా? ఇయ్యి, ఆయనకియ్యి ఫోను. నాలుగు మాటలతోటి కడిగి పెడ్త. …నువ్వెందుకు భయపడుతవ్, ఇయ్యి!

…మామా, దండం. రత్నాబాయిని. నలుగురికి తీర్పులు జెప్పే పెద్దమనిషివి. నీ ముంగట ఒకన్ని మందంత నవ్వుకుంట బయటికి నూకితే, నువ్వు మీసం దువ్వుకుంట—

…

…ఏందీ?

…మళ్ళ జెప్పు మామా. బస్సు చప్పుడుకు ఇనబడలే.

…

…నువ్వా? ఆ మీటింగుకు పోనీకా?

…చర్చి ఎనుక. బడి మీద. తొవ్వ ఆయనకెర్కే మామా, ఈసారి తప్పిపోడు.

…లే, కులం అడగరంట. ఇంటిపేరు గూడ అడగరంట. ఉత్త పేరు చాలంట.

…నీ ఇంట్ల అత్తమ్మకు నేనేం జెప్ప. …జెప్పనంటున్న గద మామా.

…ఎంతసేపు గూసోవాల్నో నాకెర్క లేదు. ఎంతసేపైనా గూసో. సంగంల గూసుంటలేవా తెల్లందాంక?

…ఏడ్వకు మామా. నాకు చాతగాదు ఇది. తిట్టుడైతే చాతనైతది.

…ఆడికి పోయినంక ఏమనాల్నా? మొదలు పేరు చెప్పాలె. పేరు తర్వాత మాట… నీతోటి ఆ మాట నా నోటికి రాదు మామా. మా ఆయన్నడుగు. మీ అందర్ల ఆ మాట అన్నోడు ఆయనొక్కడే.

…హలో? …మామా?

…పెట్టేసిండ్రు. — హో గయా, సేట్. —