రదిసావ్ జూలైలో తెప్పించిన క్రిస్మస్

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. నాలుగో తరగతితో నా చదువు సరి, నలుగురిలో నోరు విప్పడమే నాకు కష్టం. కానీ రదిసావ్ అన్న ఆ సాయంత్రం చెప్పింది ఎవరూ రాయకపోతే పోతుందని కూర్చున్నాను.

స్టామెనక్క పెరట్లో ఆడవాళ్ళం కాల్చిన ఎర్ర మిరపకాయలకి తొక్కలు తీస్తున్నాం. అందరికీ లోపల బెంగే. సెప్టెంబరు పదిన పెట్టిన పచ్చడి సీసాల మీద మా కొత్త కంప్యూటరు 9.10 అని అచ్చేసింది. దాని లెక్కలో నెల ముందు రాస్తారు, మా సెర్బియాలో రోజు ముందు రాస్తాం. "అక్టోబరు తొమ్మిదిన పెట్టిన పచ్చడి సెప్టెంబరులోనే ఎలా వచ్చిందమ్మా?" అని కొనేవాడు అన్నీ తిప్పి పంపాడు. చేత్తో రాసిన లేబుళ్ళు తీసుకోనన్నాడు. రేపు మళ్ళీ వస్తాడు. ఈసారీ వద్దంటే చలికాలం పొయ్యిలోకి కట్టెలుండవు. నేను సరిచేస్తానన్నవాడు రదిసావ్. వచ్చి, కంప్యూటరు వైపు చూడకుండా, రాకియా అనే పళ్ళసారా గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"తేదీ ఎంత పనక్కా! ఫ్యాక్టరీలో నా చేతి కింద గదంత యంత్రం ఉండేది. ఓసారి కేజింపావు సీసాకి కామా పెట్టాల్సిన చోట చుక్క పెట్టింది. 1.250! మనకి కామా అంటే దశాంశం, చుక్కంటే వేలు కదా, చదివినవాడికి పన్నెండొందల యాభై కిలోలు! పెన్సిలు తీసి చుక్కకి తోక గీశాను. అంతే."

"అంతేనా?" అంది పక్కింటి వెసెలా.

"అంతే అయితే నేనెందుకు చెప్తాను? గీసేలోపే ఒక లేబులు జారిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సీసా నిజంగానే బరువెక్కింది! లారీ ఇరుసు విరిగింది, క్రేను తెచ్చారు, క్రేను వంగింది. అచ్చులో పడ్డాక సీసా మాత్రం ఏం చేస్తుంది పాపం, మాట వినాలి కదా!"

మా చేతులు ఆగాయి.

"ఇదేం చూశారు! మన పాత పద్ధతి క్రిస్మస్ జనవరి ఏడు. యంత్రం దాన్ని కాలెండర్లలో 1.7 అని అచ్చేసింది. ఊరంతా జూలై ఒకటి అని చదివింది. అప్పటికే గోడలకి కాలెండర్లు ఎక్కేశాయి, నేనేం చేయను? చెమటలు కక్కుతూ పండగ మంటకి ఓక్ కొమ్మలు నరికి తెచ్చారు, ఫాదర్‌గారు ఉన్ని శాలువా కప్పుకున్నారు. చర్చి గంట మోగిందో లేదో..."

ఆగి, గ్లాసులోది ఓ గుక్క చప్పరించాడు.

"చెప్పవయ్యా, చంపక!"

"మంచు! పుచ్చకాయ తీగల మీద మోకాలి లోతు, చూస్తుండగానే నడుం లోతు. ఎంత పడిందో అచ్చెయ్యమన్నాను. అంకె దాని గడిలో పట్టలేదు. పట్టకపోతే యంత్రం అంకె బదులు నక్షత్రాలేస్తుంది, ఎవర్నైనా అడగండి. ఒక వరుస నక్షత్రాలు, ఒక కాగితం, ఒక కట్ట, కాగితం కిటికీలోంచి దూకి, మొరావా నది దాటి, కొండెక్కి, ఇంకా పైకి... రాత్రి మీరు చూసేవి అవే. అంతకుముందు మన ఊరికి అన్ని లేవు."

ఇంకా వెలుగుంది. అయినా అందరం తలలెత్తి చూశాం.

"ఒరేయ్, ఏ సంవత్సరంరా అది?" అంది స్టామెనక్క.

"డెబ్బై తొమ్మిది."

"ఆ జూలై ఒకటినే నా డ్రగానా పుట్టింది. ఉక్కకి దుప్పటి వీపుకి అంటుకుపోయింది. పిల్లని చూడ్డానికొచ్చి మేకలా రొప్పావు నువ్వు. ఆ మంచేదో గుప్పెడు తేకపోయావా?"

అందరం పగలబడి నవ్వాం. అక్క నవ్వలేదు.

"మా సెప్టెంబరుని సెప్టెంబరులో పెట్టగలవా లేదా? అది చెప్పు."

రదిసావ్ గ్లాసులోకి చూశాడు. "రాదక్కా" అన్నాడు. గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. మా నవ్వు చచ్చిపోయింది.

తెల్లారగానే వెళ్ళి అతని తలుపు కొట్టాను. నన్ను చూసి తల దించుకున్నాడు.

"తేదీ మార్చడం రాకపోతే పోనీ అన్నా. కొనేవాడొచ్చేస్తున్నాడు. ఆ అంకెలు ఎందుకు తిరగబడ్డాయో జరిగింది జరిగినట్టే అతనికి చెప్పు. కాకపోతే నిన్న మాకు కథ చెప్పినంత రంజుగా చెప్పు" అన్నాను.

అతను కోటు బొత్తాలు పెట్టుకునేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు.