సోమవారం నాటి కాగితాలు

ఇవాళే చేయించుకోవాలని ఎవరు చెప్పారక్కా నీకు? రాళ్లే కదా, ఎక్కడికి పోతాయి? ఇన్నాళ్లూ కడుపులో ఉన్నవి ఇంకో వారం ఉండలేవా? నీకన్నీ హడావుడే. చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు.

లేదు, నాకేం భయం లేదు. చెమటా? మెట్లెక్కి వచ్చాను. సెల్లార్ నుంచి మూడో అంతస్తు దాకా. లిఫ్టు కోసం ఆగలేదు. ఎందుకేమిటి, ఊరికే.

అసలు డాక్టరుగారికి జలుబు చేసిందట. నిజం! ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఆ, మాస్కు వేసుకుంటారు, నాకు తెలియదా? ఇక్కడ పనిచేసేది నేనా నువ్వా?

సెలవు మళ్లీ దొరకదంటావు. దొరుకుతుంది. మీ మేనేజరుతో నేను మాట్లాడతాను. అబ్బా, నవ్వకు. నీ కాళ్లు పట్టుకుంటాను, నవ్వకు.

బావ ఎక్కడ? టీకి వెళ్లాడా? మంచిదే. ఆయన ముందైతే నోరు పెగలదు.

అక్కా, నేను చేసే పనేంటో నీకు సరిగ్గా తెలుసా? ఆపరేషన్ సామాన్లు కడుగుతాడు మా తమ్ముడు అని అందరికీ చెప్తావు. కడగడంతో అయిపోదు. కత్తెరలూ, పటకార్లూ అన్నీ మూటకట్టి, ఇంత పెద్ద ఆవిరి మిషన్‌లో పెట్టి క్రిముల్ని చంపుతాం. ఆ మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పైకి చూస్తే తెలిసి చావదు. వేడెక్కుతుంది, బుస్సుమంటుంది, లైటు వెలుగుతుంది. లోపల ఆవిరి మూలమూలకీ వెళ్లిందా అంటే ఎవడికి తెలుసు?

అందుకే రోజూ పొద్దున్నే ఒక గుడ్డల మూట మధ్యలో పరీక్ష కాగితం పెట్టి, ఖాళీ మిషన్ నడపాలి. కాగితం అంతటా నల్లబడితే సరే. ఎక్కడైనా తెల్లగా మిగిలిందా, ఆ రోజు ఆ మిషన్ ముట్టుకోకూడదు. ఆ కాగితాన్ని రిజిస్టర్లో అంటించి, తారీఖేసి, సంతకం పెట్టాలి. దీనికి అరగంట. రోజూ అరగంట!

టైం ఎలా వాడుకోవాలో, డబ్బెలా దాచుకోవాలో చెప్పే ఆ వీడియోలు నువ్వే కదా పంపావు? నిన్ననట్లేదు. ముసుగు తన్ని పడుకునేవాణ్ని, జీతం పది రోజుల్లో ఊదేసేవాణ్ని, ఖర్చు రాసుకోవడం నేర్పి మనిషిని చేశావు. కాదన్నానా? కానీ ఆ వీడియోలో టైం మాస్టారు ఏమంటాడు? ఒకే రకం పనులన్నీ ఒక్క దెబ్బకి చేసి పారెయ్, మిగిలిన టైం నీ మీద పెట్టుబడి పెట్టుకో అంటాడు. వింటుంటే ఎంత బావుందో!

చేసి పారేశానక్కా. వారానికి సరిపడా ఆరు కాగితాలూ సోమవారమే ఒకే మూటలో పెట్టేశాను. ఆరూ నల్లగా నిగనిగలాడుతూ వచ్చాయి. ఒకటి అంటించి, మిగతావి సొరుగులో పెట్టుకున్నాను. రోజుకొకటి తీసి అంటించడమే.

ఈ ఒక్క వారమా? కాదు. నాలుగు నెలలు.

మిగిలిన అరగంటలోనే కదా కంప్యూటర్ కోర్సు పూర్తిచేసింది! ఆ సర్టిఫికెట్టు ఫొటో తీసి చుట్టాలందరికీ పంపావు. మా సూపర్‌వైజరైతే, అందరికంటే ముందు సామాన్లు పంపిస్తున్నానని నోటీసు బోర్డు మీద నా ఫొటో పెట్టాడు. ఎలా పంపిస్తున్నావురా అని ఒక్కడూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నేమో. ఏం చెప్తాను, చెప్పేవాణ్ని కాదులే.

ఇవాళ పొద్దున లిస్టులో నీ పేరు చూశాను. పది గంటలకి, మొదటి పేరు నీదే. కొత్త కాగితం పెట్టి, నిజంగా మిషన్ నడిపాను.

ఇదిగో. జేబులో నలిగింది, చూడు. మధ్యలో అరచేయంత తెలుపు.

అవును, పాడైందన్నమాట. ఎప్పట్నుంచీ అంటే ఏం చెప్పను? సోమవారం బాగానే ఉంది. మంగళవారం? నిన్న? ఇవాళ గురువారం.

ఆగు, అసలు సంగతి ఇంకా ఉంది. ఇది చూశాక ఏం చేశానో తెలుసా? సొరుగు లాగి, సోమవారం నాటి నల్ల కాగితం తీసి, అంటించి, సంతకం పెట్టాను. ఆలోచించలేదక్కా! చెయ్యి దానంతటది చేసుకుపోయింది. సామాన్లు కూడా అదే మిషన్‌లో పెట్టాను. నీ మూట కూడా. లిఫ్టు తలుపులు మూసుకుని అది పైకి వెళ్లిపోయాక, మెట్ల వైపు పరుగెత్తాను.

బెల్లు నొక్కకు! ఒక్క నిమిషం, నీకు దణ్ణం పెడతాను. నర్సు వచ్చిందంటే నా పని అయిపోయినట్టే. ఇంకే ఆసుపత్రి గడపా తొక్కనివ్వరు నన్ను. కేసు పెడితే?

అదిగో, చక్రాల చప్పుడు. నీ కోసమే వస్తున్నారు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పు. పొద్దున బిస్కెట్టు తిన్నానని చెప్పు, వెంటనే ఆపేస్తారు. నువ్వు ఇంటికెళ్లిపో. మిషన్ సంగతి నేను మెల్లగా ఎవరితోనన్నా చెప్పి బాగుచేయిస్తాను. మూడో కంటికి తెలియదు.

అలా చూడకక్కా.

నీ తర్వాత ఎవరా? ఎవరో ముసలాయన, మోకాలు. ఆ తర్వాత ఒకావిడ, కాన్పు.

మంగళవారం నుంచీ ఎంతమందా? లెక్కపెట్టలేదు. లేదు, పెట్టాను. మెట్లెక్కుతూ పెట్టాను. పదిహేడు మంది. పేర్లు నన్నడక్కు, పాత లిస్టులు నా దగ్గరుండవు, మూటల మీద నంబర్లే ఉంటాయి.

సరే. చెప్తాను. నర్సుకి, డాక్టరుగారికి, అందరికీ చెప్తాను, వాళ్లందర్నీ వెతికి పిలిపించమని కూడా చెప్తాను. కాగితం ఇటివ్వు.

ఒక్క మాట మాత్రం ఇప్పుడే అనేస్తాను, తర్వాత నోరు రాదు. ఇవాళ ఈ మంచం మీద నువ్వు కాక ఇంకెవరున్నా నేను కొత్త కాగితం పెట్టేవాణ్ని కాదక్కా. ఈపాటికి కింద కూర్చుని, చెవిలో కొత్త కోర్సు పాఠం పెట్టుకుని, హాయిగా చదువుకుంటూ ఉండేవాణ్ని. ఉద్యోగం పోతుందన్న భయం ఒకెత్తు. నేను ఇలాంటివాణ్నని నాకే తెలిసిపోయింది చూడు, దానికి హడలిపోతున్నాను.