సరంగు పెట్టె మాట్లాడిన పూట

అన్యాయం జరిగింది ఇంజన్ మేస్త్రికి. దారి చూపే ఉపగ్రహం ఎగిరిన పూట జరిగింది. చేసినవాడు పరాయివాడైతే ఇంత రాయక్కర్లేదు, మేస్త్రి భార్యకు సొంత అన్న. ఆ అన్నే ఇవాళ కూడా ఆమె టీకొట్టు బల్ల మీద కాళ్ళు జాపుకుని, ఆమె కాచిన టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

రేవంతా అతన్ని సరంగు అంటుంది. పెద్ద పడవ నడుపుతాడు, అంతకన్నా పెద్ద కోతలు కోస్తాడు. ఆమెను అందరూ అక్క అంటారు.

ఇవాళ ఒక్క పడవా కదల్లేదు. ఆ వరస ఉపగ్రహాల్లోనే ఇంకొకటి మధ్యాహ్నం ఎగరబోతోంది. రాకెట్ నుంచి ఊడిన ఖాళీ గొట్టాలు సముద్రంలో పడతాయి కాబట్టి, ఆ పూట హద్దుగా తేలే ఎర్ర బోయా దాటి ఎవరూ ఉండకూడదు. ఉంటే తెలిసిపోతుంది. ప్రతి పెద్ద పడవ కప్పు మీదా పుట్టగొడుగులాంటి యాంటెన్నా, గదిలో ఒక చిన్న పెట్టె. ఉపగ్రహాలను చూసి ఆ పెట్టె తానెక్కడుందో తెలుసుకుంటుంది, రేవు ఆఫీసు తెర మీద పడవ ఒక పచ్చ చుక్కయి వెలుగుతుంది. చేపలు దొరికే చోటు పక్కవాడికి తెలియకూడదని కొందరు సరంగులు యాంటెన్నా మీద అల్యూమినియం గిన్నె బోర్లిస్తారు. పెట్టె గుడ్డిదైపోతుంది, చుక్క ఆరిపోతుంది. ఈ సంగతి రేవులో అందరికీ తెలుసు. అడిగితే మాత్రం అందరూ అమాయకులే.

ఫిబ్రవరిలో ముందరిది ఎగిరిన రోజు సరంగు చుక్క ఆరిపోయింది. పడవలన్నీ వచ్చాయి, అతనిది రాలేదు. అక్క ఒడ్డున నిలబడి అన్నను వెతకమని మొగుణ్ణి పంపింది. చిన్న పడవ, చేతి వైర్‌లెస్, అంతే. సాయంత్రం సరంగు వచ్చాడు. మేస్త్రి రాలేదు.

"నేను మడ కాలవలో కట్టేసుకుని పడుకున్నాను కదా, నన్ను వెతకడమేమిటి? పాపం, రాకెట్ తమాషా చూడ్డానికి పోయాడు, పిచ్చివాడు" అన్నాడు సరంగు అందరి ముందూ కళ్ళు తుడుచుకుంటూ. తానే పంపానని ఆమె మొత్తుకుంటే, ఏడుపులో ఏదేదో అంటోందన్నారు. సముద్రం తీసుకున్నవాళ్ళ పేర్లు రేవు గోడ మీద రాస్తారు. నిషేధం దాటి తమాషాకి పోయినవాడికి అక్కడ చోటు లేదన్నారు పెద్దలు.

మర్నాడు సరంగు, అంతకుముందు తీసుకెళ్ళిన ఆమె అల్యూమినియం పాలగిన్నెను నిండా చేపలతో తిరిగి పంపాడు. చేపలు ఆమె పిల్లులకు వేసింది. గిన్నె అడుగున లోపలివైపు నల్లటి రబ్బరు మరక ఒకటి వలయంలా అంటుకుని ఉంది. ఎంత తోమినా పోలేదు. అది యాంటెన్నా అంచంత వలయమని ఆమెకు తెలుసు. కానీ రబ్బరు మరకను ఎవరు నమ్ముతారు? గిన్నెను మేకుకు తగిలించింది. అన్నకు టీ పోస్తూ, అతని కోతలు వింటూ వచ్చింది. అన్ని అబద్ధాలాడేవాడు ఎప్పుడో ఒకప్పుడు ఏమరపాటున నిజం కక్కకపోడని.

ఇవాళ పొద్దుటినుంచీ మంచు దిగి ఉంది. బల్ల దగ్గర నుంచి చూస్తే నీళ్ళు లేవు, పడవల ముక్కులే గాల్లో వేలాడుతున్నాయి. సముద్రం చప్పుడు కూడా ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. బల్ల మీద ఐసు ఫ్యాక్టరీ మేస్త్రి, పడవలకు నంబర్లు రాసే రంగుల తాత. మూల రేడియోలో ఎవరో రాకెట్ గురించి మెల్లగా చెబుతున్నారు.

"రేడియోలో వినండి నాయనా, మీ రాత అంతే" అన్నాడు సరంగు. "పోయినసారి ఎగిరినప్పుడు మడ కాలవలో నా గ్లాసులో టీ గిర్రున తిరిగింది, తెలుసా?"

"మా ఐసు గదిలో దిమ్మలే పగిలాయి" అన్నాడు ఐసు మేస్త్రి. "టీ తిరగడం కూడా ఒక గొప్పేనా, సరంగు గారూ?"

"పూర్తిగా వినవయ్యా. తిరిగేసరికి ఊరుకుంటానా? తాడు విప్పి ఎర్ర బోయా దాకా పోయాను."

"బోయా దాకా మా మనవరాలు ఈదుకుంటూ పోతుందిరా" అన్నాడు తాత.

సరంగు ముఖం మాడింది. అక్క అడక్కుండానే అతని గ్లాసు మళ్ళీ నింపింది. "చెప్పన్నయ్యా. బోయా దగ్గర ఆగిపోయావా?"

"నేనా, ఆగడమా? దాటాను! నీళ్ళు నల్లగా మారే చోటికి పోయాను. రాకెట్ సరిగ్గా నా నెత్తి మీదుగా పోయింది. దాని నీడ పడవ మీద పడింది చూడూ, ఆ నీడ బరువుకి పడవ జానెడు దిగిపోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఖాళీ గొట్టం రాలింది. వలేసి పట్టాను. కొలిచి చూస్తే మరీ చిన్నది, ఇంకా పెరగాలి పాపం అని మళ్ళీ నీళ్ళలో వదిలేశాను."

ఐసు మేస్త్రికి టీ ముక్కులోకెక్కింది. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల ఒక్కొక్క మాటా మూటగట్టుకుంటోంది. బోయా దాటాడు. నల్లనీళ్ళ దాకా పోయాడు.

"ఇంకా ఉంది. పైకెళ్ళిన ఉపగ్రహం కళ్ళు తెరిచి మొదట చూసింది ఎవర్ని? నన్ను! కానీ దాని లోపలి గడియారం ఆగిపోయింది. పెద్ద పెద్ద ఇంజనీర్లు చేతులెత్తేశారు. నేను మణికట్టు పైకెత్తి పట్టుకున్నాను, అది నా నాడి చూసుకుని నడక మొదలెట్టింది. ఇప్పటికీ దేశంలో గడియారాలన్నీ నా నాడి మీదే నడుస్తున్నాయి. నాకు జ్వరమొస్తే రైళ్ళు ముందే వచ్చేస్తాయి, గమనించారా?"

"అందుకేనా, మొన్న మా ఐసు లోడు లారీ తెల్లారకుండానే దిగింది!"

"నవ్వు, నవ్వు. ఇప్పుడు చెప్పేదానికి నవ్వలేవు." సరంగు గొంతు తగ్గించాడు. పగలే అయినా మంచు బల్ల కిందికి పాకింది. "ఆ తర్వాత గాలి ఆగిపోయింది. అలలు లేచినవి లేచినట్టే నిలబడ్డాయి. పక్షి ఒకటి నా ముందు గాల్లో రెక్కలు చాపి, కదలదు, కింద పడదు. నా పెట్టెలో చూశాను. నా చుక్క ఒకటి. దాని వెనక ఇంకో చుక్క. తలెత్తి చూస్తే నీళ్ళ మీద ఏ పడవా లేదు. నేను ఎడమకు తిరిగితే అదీ తిరుగుతుంది. నేనాగితే చుట్టూ తిరుగుతుంది, చీకట్లో గోడ తడుముకునే మనిషిలా. అప్పుడు... పెట్టె మాట్లాడింది."

ఐసు మేస్త్రి రేడియో గొంతు తగ్గించాడు.

"తడిగుడ్డలో చుట్టినట్టు గొంతు. 'బావా, ఎక్కడున్నావ్? బావా!' అని. కాసేపాగి మళ్ళీ. 'మీ చెల్లి పొయ్యి మీద నీళ్ళు దించనంటోంది, పలుకు బావా' అని. నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయనుకో! పలికామా, కిందికి లాగేస్తుంది. నేను దొరుకుతానా? మీట తిప్పి దాని గొంతు నొక్కేశాను. ఇంకా కాసేపు గీగీమని, తర్వాత దానంతటదే..."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ మాట ఆమెదే. పడవెక్కుతున్న మొగుడితో అన్నది. "మా అన్నయ్య కనబడేదాకా పొయ్యి మీద నీళ్ళు దించను." ఒడ్డున ఆ పూట ఇంకో నరపురుగు లేదు. ఆ తర్వాత ఆ మాట ఆమె నోట ఎవరి దగ్గరా రాలేదు, తల్లి దగ్గర కూడా. మొగుడి గొంతు ఇన్నాళ్ళూ ఈ మనిషి చెవిలో ఉంది. అయినా ఆమె కాచిన టీ తాగుతూ కూర్చున్నాడు.

అప్పుడే దూరంగా ఉరుము మొదలైంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. మంచు వెనక ఆకాశం ఎర్రగా వెలిగి ఆరింది. రాకెట్‌ను ఎవరూ తలెత్తి చూడలేదు.

అక్క మేకు మీది గిన్నె దించి బల్ల మీద, అన్న ముందు వెల్లకిలా పెట్టింది.

"అన్నయ్యా, పెట్టెకి నోరు లేదు. మీట లేదు. ఆ రెండూ ఉన్నది పక్కనుండే వైర్‌లెస్‌కి. నీ పెట్టె యాంటెన్నా ఆ పూట ఈ గిన్నె కింద ఉంది. దానికి ఉపగ్రహమూ కనపడలేదు, నువ్వూ ఎవరికీ కనపడలేదు."

తాత వంగి వలయం మీద వేలు తిప్పాడు. ఎన్ని పడవల కప్పులకు రంగేశాడో, ఏ అంచు మరకో అతనికి చెప్పక్కర్లేదు.

సరంగు లేచాడు. జీవితంలో మొదటిసారి అతను తన మాట నమ్మొద్దని బతిమాలాడు. "కోతలే చెల్లెమ్మా! ఒట్టు! అంతా కోతలే! నేను కాలవలోనే ఉన్నాను, నేను సముద్రం మొహమే చూడలేదు!"

"సరే. నీడ బరువు కోత. నాడి కోత. గొట్టం కోత" అంది అక్క. గొంతు పెరగలేదు. "పొయ్యి మీద నీళ్ళ మాట నేను ఆయనకొక్కడికే చెప్పాను. నీకెవరు చెప్పారు?"

సరంగు గిన్నె మీదికి చెయ్యి జాపాడు. తాత దాన్ని తనవైపు లాక్కున్నాడు.

"పలికుంటే ఏం పోయేదిరా?" అన్నాడు ఐసు మేస్త్రి. ఇందాకటి 'గారూ' ఆ గొంతులో లేదు. "అతను వెనక్కి తిరిగొచ్చేవాడు, నువ్వు నిషేధంలో దొరికిపోయేవాడివి. అంతేగా?"

సరంగు మంచులోకి దిగి నడిచాడు. ఎవరూ పిలవలేదు. కాసేపు చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. పోయిందెటో ఎవరూ అడగలేదు.

తాత తెల్లరంగు డబ్బా అందుకుని రేవు గోడ దగ్గరికి నడిచాడు. పెద్దలు ఎవరైనా అడ్డొస్తే తాను చూసుకుంటానన్నాడు ఐసు మేస్త్రి. అక్క వెనకే వెళ్ళి, ఏం రాయాలో ఒక్కొక్క మాటే చెప్పింది. తడి గోడ మీద రంగు జారకుండా తాత చెయ్యి అడ్డం పెట్టి రాశాడు.

'ఇంజన్ మేస్త్రి. బావను వెతకబోయాడు. ఫిబ్రవరి ఇరవై రెండు.'