ఒక్క పిలగాని బడి

"తాతా, మావోణ్ణి బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకుంటాండాం. బళ్ళో పిలకాయలతో కలిసి చెడిపోతాండాడు. నువ్వేమంటావు?"

నేనేమంటానమ్మే! నేను ఇంట్లో సదివినోణ్ణే గదా. ఏం, తెల్దా నీకు? మీ నాయన చెప్పలేదా? వాడు యాడ చెప్తాడు లే, నా మాటలు వినేదానికి వానికెప్పుడు తీరింది గనక.

కూర్చో. ఆ పీట ఇట్ల లాక్కో. అప్పుటికి తెల్లోళ్ళు ఇంకా పోలేదు. యుద్ధం జరగతాండాది, చక్కెర కండ్ల సూడాలంటే గగనం. మాకేం లే, మాకు చెరుకు తోట, బెల్లం గానుగ ఉండె. యాడుండా నేను... ఆఁ, బడి. వడమాలపేట పక్కన మా ఊరు. ఊళ్ళో బోర్డు బడి ఉండాది, సర్కారు బడి లే. నేను ఆడికి పోయిన మొదటి దినమే ఇంటికొచ్చి మాయమ్మ ముందర ఒక బూతు మాట అన్నానంట. ఏం మాటో ఇప్పుడు చెప్పను లే. మా నాయన మీసం లేసి నిలబడినాది. "గొర్రెలకాడికి పోయే పిలకాయలతో కూర్చుంటే ఇంతే. నా కొడుకు ఇంగ ఆ బడికి పోడు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నేను నేర్చుకున్నది మా నాయన కాడనే. ఎద్దుల్ని అదిలించేటప్పుడు ఆయన నోట్లోనించి వచ్చేది అదే. అది ఆయనకు చెప్పే మొగోడు ఎవురు?

పుత్తూరు నించి ఒక అయ్యవార్ని పిలిపించినాడు. ముసలాయన, పాపం మంచోడే. మా ఇంట్లోనే తిండి, మా తిన్నె మీదనే బడి. బో నియమంగల మనిషి. పొద్దున్నే హాజరు పిలుస్తాడు. ఎవుర్ని? నన్నే. మూరెడు దూరంలో కూర్చోని "ఉండానయ్యవారూ" అని నేను అరవాల. ఆ బళ్ళో మొదటోణ్ణి నేనే, కడగొట్టోణ్ణి నేనే. అప్పుట్లో బడుల్లో ఒక పద్ధతి ఉండె. లెక్క తప్పు చెప్పినోని ముక్కు పట్టుకోని, సరిగ్గా చెప్పినోడు వాని చెంప వాయించాల. మరి ఆడుండేది నేనొక్కణ్ణే గదా! అయ్యవారు శానాసేపు ఆలోచించి, "నీ ముక్కు నువ్వే పట్టుకోరా" అన్నాడు. పట్టుకున్నా. వాయించుకున్నా. నవ్వతావేమ్మే? నిజ్జంగా! మెల్లిగా కొట్టుకుంటే ఒప్పుకునేటోడు గాదు.

సాయంత్రమైతే బోర్డు బడి పిలకాయలు మా వీధిలోనే పోతారు. అందులో మునిరత్నమని ఒకడు, గొర్రెలోళ్ళ బిడ్డ, తిన్నె కింద నిలబడి గోళీలాడదాం రారా అని సైగ చేస్తాడు. మా నాయన కర్ర ఎత్తితే పారిపోతాడు. మర్నాడు మల్లా వస్తాడు. వాని కోసరం నేను దినమంతా కాసుకోని ఉంటా. నాకేం తక్కువ, గోళీలు బుట్టెడు కొనిచ్చినాడు మా నాయన. ఈ పక్క నేనే, ఆ పక్కా నేనే. గెలిచినా ఏడుపొచ్చేది తల్లీ.

ఇంగ మానోమి వచ్చినాది. అదే, దసరా. బడి పిలకాయలంతా వెదురు విల్లంబులకు రంగు కాగితాలు చుట్టుకోని, అయ్యవారితో ఇంటింటికీ పోయి పద్యాలు పాడేది. పిలకాయలకు పప్పులు బెల్లం, అయ్యవారికి ఏదో కానుక. మా అయ్యవారు ఆ కానుక వదులుకుంటాడా? మా నాయన మాత్రం తగ్గుతాడా? "మన బడీ బయలుదేరాల్సిందే" అన్నాడు. బయలుదేరినాది. ముందర పట్టుపంచె కట్టుకోని నేను, ఎనక అయ్యవారు. అంతే బడి! ఆ పద్యాలు ఒకడు చెప్తే తక్కినోళ్ళు అందుకోవాల. నేనే చెప్తా, నేనే అందుకుంటా. ఆడోళ్ళు వాకిట్లోకొచ్చి అటూ ఇటూ సూసి, "తక్కిన పిలకాయలు యాడబ్బా?" అంటే అయ్యవారు "పద్యం చెప్పరా" అని నన్ను ముందుకు తోసినాడు. నాకు సిగ్గుతో చచ్చేంత పనాయె.

వీధి మలుపులో బోర్డు బడోళ్ళు ఎదురొచ్చినారు, గుంపుకు గుంపు. నన్ను సూసి పగలబడి నవ్వినారు. ఇంగ పద్యం యాడొస్తాది, నోట్లోనే నిలిచిపోయినాది. అప్పుడు మునిరత్నం ఆ గుంపులోనించి వచ్చి, నా పక్కన నిలబడి ఆ పద్యం అందుకున్నాడు. వాని ఎనక తక్కినోళ్ళంతా అందుకున్నారు. వీధి దద్దరిల్లిపాయె. నేను చెప్పేది, వాళ్ళు అందుకునేది, అట్లనే మా ఇంటికి పోతిమి.

మా నాయన చిన్న గిన్నెలో పప్పులు పెట్టుకోని తిన్నె మీద కూర్చోనుండాడు. ఆ గుంపును సూసి లేసి నిలబడినాడు. మానోమి నాడు పాడతా వాకిట్లోకొచ్చిన పిలకాయల్ని తరిమితే ఊరు ఊరుకుంటాదా? గానుగ కాణ్ణించి గంపతో బెల్లం తెప్పించాల్సొచ్చె. "ఎవురయ్యవారూ వీళ్ళంతా?" అని అడిగినాడు. ఆ ముసలాయనకు యాణ్ణించి తట్టినాదో, "మీవాని ఎనక వచ్చినోళ్ళే" అన్నాడు. అంతే! మీసం మల్లా లేసినాది, ఈసారి సంతోషంతో. పండగ అయినాక ఆయనే నన్ను చెయ్యి పట్టుకోని బోర్డు బడికి తోడకపోయినాడు. దావలో కనపడినోళ్ళకంతా ఒకటే మాట, "మావోడు పోతే గానీ ఆ బడి బాగుపడదప్పా" అని. అయ్యవారా? కానుక మూటగట్టుకోని పుత్తూరికి పోయినాడు, నాకన్నా సంతోషంగా.

బాగుచేసినా లే బడిని! మొదటి దినమే లెక్క తప్పినా. మునిరత్నం లేసొచ్చి నా ముక్కు పట్టుకోని చెంప మీద ఒకటిచ్చినాడు సూడు, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఎంత సంతోషమమ్మే నాకు! నన్ను కొట్టేదానికి ఇంగొకడుండాడు గదా అని.

వాడూ పోయినాడు గదా, మొన్న వానల్లో. ఇంగ నేనేం తప్పు చేసినా, నా ముక్కు నేనే పట్టుకోవాల.

నీ బిడ్డను యాడ సదివిస్తావో నీ ఇష్టం తల్లీ, నేనెవుర్ని చెప్పేదానికి. సల్లగుండాల వాడు. వాని చెంప వాయించేటోడు ఒకడు దొరకాల వానికి, తొందరగా దొరకాల... ఆ పీట యాడిదాడ పెట్టిపో.